పెళ్లి జాకెట్లకు గిటారాయన పాటలు

నేను ఆయన పాటల కోసం వెతకలేదు. జాకెట్ల కోసం వెతికాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు తేలిక. ఎందుకంటే మా ఊరు మద్దేడ్‌లో ఇప్పటికీ సగం మంది నన్ను ఇంగ్లీషు పాటల పిచ్చిదనీ, బీజాపూర్ పోయి చెడిపోయిందనీ అనుకుంటారు. అనుకోనివ్వండి. జరిగింది మాత్రం ఇదీ: ఇంగ్లీషులో ఒక్క అక్షరం మింగినందుకు, చచ్చిపోయిన ఒక మనిషి పాటల జీవితమంతా వచ్చి నా ఫోనులో కూర్చుంది.

నేను టైలర్‌ను. జాకెట్లు కుడతాను. చొక్కాలు కుట్టను, ప్యాంట్లు అసలే కుట్టను. అమ్మానాన్న పామేడు వైపు పొలం చూసుకుంటారు. నేను మద్దేడ్‌లో అన్నావదినల దగ్గర ఉంటాను. అన్న ట్రాక్టర్ నడుపుతాడు. రోడ్డు పక్కన ఒక కిరాణా కొట్టు ఉంది, దానికి ముందు రేకుల వసారా ఉంది. ఆ వసారాలో ఒక మూల నా మిషన్ వేసుకోవడానికి కొట్టు సేటు ఒప్పుకున్నాడు. నాలుగేళ్లుగా ఆ మూల నాది. లోకంలో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ మూల ఒక్కటే. అన్నకు అది మొదటి నుంచీ ఇష్టం లేదు. “ఇంట్ల కూసోని కుట్టరాదు? రోడ్డు మీదనే కూసోవాల్నా?” అంటాడు. ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు. వెనక గదిలో చీకటి. ఒక చేయి కుట్టేలోపు ‘జర పొయ్యి చూడు’ అంటారు, ఒక హుక్కు వేసేలోపు ‘జర పిల్లను ఎత్తుకో’ అంటారు. మూడు నెలల్లో మిషన్ మీద మడత బట్టలు చేరతాయి. ఆరు నెలల్లో నేను టైలర్‌నన్న సంగతి నేనే మర్చిపోతాను. అందుకే ఆ మూలను పట్టుకొని కూర్చున్నాను.

మా దగ్గర సిగ్నల్ గాలివాటం. ఒక వీడియో తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని అందరూ చేసే పనే నేనూ చేస్తాను. ఫోనులోంచి మెమరీ చిప్ తీసి మా జిల్లా టౌను బీజాపూర్‌లో మొబైల్ దుకాణంలో ఇస్తే, అడిగినవి నింపి ఇస్తారు. పెళ్లిళ్ల రోజులు దగ్గరపడ్డాయి. వచ్చేవాళ్లంతా ఫోనులో ఏదో బొమ్మ చూపించి ‘గిట్ల కుట్టు’ అంటున్నారు. సరే, కొత్త జాకెట్ల డిజైన్లు నింపించుకొద్దామని, లైనింగు గుడ్డ కోసం బీజాపూర్ పోయిన రోజునే చిప్ కూడా తీసుకుపోయాను. డిజైన్ల వీడియోల మీద పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి కదా అని చీటీ మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను. మా దగ్గర బడులన్నీ హిందీవే, నాది హిందీ మీడియం పది. బ్లౌజు అని రాయబోయి, మధ్యలో సున్నాలా ఉండే ఓ అక్షరాన్ని మింగేశాను, చివరి రెండూ అటు ఇటు అయ్యాయి. దాంతో అది బ్లూస్ అయి కూర్చుంది. అలాంటి మాట ఒకటుందని నాకేం తెలుసు?

ఆ దుకాణం ఆయన మా వైపు మనిషి కాదు. ఆంధ్రా నుంచి వచ్చి గనుల టౌన్‌షిప్‌లో ఏళ్లతరబడి పనిచేసి, తర్వాత బీజాపూర్‌లో కొట్టు పెట్టుకున్నాడు. చీటీ చూశాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు.

“ఇది మీరే రాశారా చెల్లెమ్మా?”

“నేనే రాసిన. ఏందన్నా, తప్పు రాసిన్నా?”

“తప్పేంటండీ! ఇన్నేళ్లలో ఈ మాట అడిగిన మనిషి ఈ కొట్టు మెట్లెక్కలేదు. మీకు నిజంగా ఇవి ఇష్టమా?”

“ఇష్టమేంది, పొద్దున లేస్తే నాకు గదే పని.”

“రోజూనా!”

“రోజు. పెండ్లిండ్లు వచ్చినయంటే తిండి గూడ యాదికుండది.”

ఆయనకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. “ఎవరు అలవాటు చేశారమ్మా మీకు?” అన్నాడు.

“మా మేనత్త. ఆమెకు గిది తప్ప వేరే లోకం లేదు.”

“మేనత్తా!” అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పెద్దవాళ్లలో కూడా ఇలాంటివాళ్లు ఉంటారా అని తనలో తనే గొణుక్కున్నాడు.

నాకు ఉత్సాహం వచ్చింది. నా పని మీద ఇంత గౌరవం చూపించిన మగమనిషిని నేనెప్పుడూ చూడలేదు. “ఒక్కటి రెండు కాదన్నా, పాతయి కొత్తయి అన్నీ కావాలె. మొదటి సంది ఎట్లెట్ల మారుకుంట వచ్చినయో, అట్ల వరసగ ఉండాలె. చేతులు మాత్రం మంచిగ తెలవాలె” అన్నాను. చేతులంటే జాకెట్ చేతులు.

“చేతులేనమ్మా అంతా! ఆ చేతుల కోసమే వినాలి” అన్నాడాయన.

వినాలి అన్నాడేమిటి, చూడాలి అనబోయాడేమో అనుకున్నాను. “అచ్చం మీరడిగినట్టే ఒకటుంది. మొదటి రోజుల నుంచి చివరిదాకా, వరసగా. నేను దాచుకున్నది. ఇంకెవరికీ ఇవ్వలేదు” అంటూ నా చిప్‌లోకి ఎక్కించాడు. చోటు చాలకపోతే నా పాత సినిమా పాటలన్నీ తీసేయమని నేనే గొప్పగా చెప్పాను.

బస్సులోనే తెరిచి చూశాను. ఒక్క జాకెట్ లేదు. ఒకే ఒక్క బొమ్మ ఉంది. ఒక తెల్ల ముసలాయన మోకాలి మీద గిటారు పెట్టుకొని కూర్చున్నాడు. చొక్కా కాలరు అరిగి దారాలు లేచాయి, బొత్తాం ఒకటి కింద కాజాలో పెట్టుకున్నాడు. ఫోటో దిగే మనిషికి బొత్తాం సరిచేసేవాళ్లు లేరా అని మొదట నాకు అదే తట్టింది. కింద ముప్పైకి పైగా పాటలు. ఒకటి నొక్కాను. తీగను పట్టుకొని ఎవరో పిండుతున్నట్టు ఒక అరుపు. పక్క సీట్లో ఆమె తన కోడిపిల్లల బుట్టను అవతలికి జరుపుకుంది.

ఇంటికొచ్చి పెడితే వదిన వంటింట్లోంచి అడిగింది: “ఎవల్ని కొడ్తున్రు?”

“ఎవల్ని కొడ్తలేరు వదినా. పాట.”

“పాటా? మరి గట్ల మూలుగుతడేంది, పన్ను నొప్పా?”

మళ్లీ బీజాపూర్ పోవడానికి వారాలు పడతాయి. చిప్‌లో ఇంకేం లేవు. చప్పుడు లేకుండా నేను కుట్టలేను, మాట్లాడకుండా కూడా కుట్టలేను, అది వేరే సంగతి. వసారాలో లారీల హారన్లు వినడం కన్నా ఈ మూలుగుడే నయమని పెట్టుకున్నాను. మొదటి వారం తిట్టుకుంటూ విన్నాను. రెండో వారంలో ఒకరోజు వంగి చూసుకుంటే నా కాళ్లు మిషన్‌ను పాట దరువుకే తొక్కుతున్నాయి. నాది కాలితో తొక్కే మిషన్. కాలు ఒక వేగంలో పడిందంటే చెయ్యి దాని వెనకే పోతుంది. పొడుగు కుట్లకు ఒక పాట కుదిరింది, చంక మలుపుకు ఇంకొకటి. నెమ్మది పాట వస్తే మిషన్ ఆపి, సూది తీసుకొని హుక్కులు కుట్టేదాన్ని. పాటల వరస మారిస్తే పని వరస కూడా మారిపోయేది.

ఒక్క మాట అర్థం కాలేదు. కానీ టైలర్‌కు అర్థమయ్యేవి కొన్ని ఉంటాయి. మొదటి పాటల్లో ఆ మనిషికి ఆత్రం. ఉన్న తీగలన్నీ, వేళ్లన్నీ ఒకే పాటలో వాడేయాలి. నేను పని నేర్చుకున్న కొత్తలో ఇలాగే ఉండేదాన్ని. ఒకే జాకెట్‌కు లేసు, ముత్యాలు, వెనక తాళ్లు, తాళ్లకు గంటలు. మా మేనత్త చూసి “గిది జాకెట్టా, ఎడ్ల మెడపట్టెడనా?” అంది. నడిమి పాటల్లో ఆయన ఎక్కడో తప్పిపోయాడు. వేగం ఉంది, పని చక్కగానే ఉంది, కానీ మనిషి అక్కడ లేడు. జ్వరం వచ్చినా గడువుకు ఇవ్వాలి కాబట్టి కుట్టిన జాకెట్లలా ఉంటాయవి. చివరి పాటలకు వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది, వేళ్లు నెమ్మదించాయి. ఒక దెబ్బ కొట్టి ఆగుతాడు. ఆగినచోట ఏమీ ఉండదు. ఆ ఖాళీ దగ్గర నా కాలు కూడా ఆగేది. అంత తక్కువ కుట్టుతో గుడ్డను ఒంటికి నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. లేసు లేదు, ముత్యాలు లేవు. కత్తిరింపు ఒక్కటే ఉంది.

ఆయన పేరు నా నాలుకకు తిరగలేదు. గిటారాయన అని పిలుచుకున్నాను.

వసారాకు వచ్చేవాళ్లకు కూడా అలవాటైంది. ఇప్పపువ్వు అమ్ముకొని పోతూ ఒక అవ్వ రోజూ నా దగ్గర కాసేపు కూర్చునేది. రెండు మూడు రోజులు విని తీర్పు చెప్పింది.

“గా పిలగాడు మంచిగనే పాడ్తడు గాని, ఆని అయ్యే మొనగాడు.”

“ఏ అయ్య అవ్వా?”

“ఏందే, వినవడ్తలేదా? ముందుగాల కొడుకు పాడ్తడు. ఆఖరుకు అయ్య పాడ్తడు. కొడుక్కు ఉరుకులాట ఎక్కువ. అయ్య కుదురుగ వాయిస్తడు.”

ఇద్దరూ ఒక్కడేనని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. “గొంతే వేరుగున్నది, నాకే చెప్తున్నవా?” అని నన్ను కోప్పడింది.

మళ్లీ బీజాపూర్ పోయినప్పుడు దుకాణం ఆయనతో పోట్లాడదామనే పోయాను. చీటీ సంగతి చెప్తే మొదట ఆయన ముఖం చిన్నబోయింది. తర్వాత ఇద్దరం కౌంటరుకు చెరో వైపు తల పెట్టుకొని నవ్వాం. “మరి మీ మేనత్త?” అన్నాడు. “జాకెట్లే అన్నా, జాకెట్లే” అన్నాను. అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పాడు. బ్లూస్ అంటే నీలం రంగు కాదట, దిగులట, దిగులు పాటలట. గిటారాయన కుర్రతనం నుంచీ అదే వాయించాడట. మధ్యలో తాగి పాడైపోయాడట, మళ్లీ లేచాడట. ఆయన పోయాక మొదటి నుంచి చివరి వరకు అన్నింట్లో ఏరి ఒక్కచోట కట్టారట. “తీసేసి జాకెట్లు నింపమంటారా?” అని భయంగా అడిగాడు. “ఆయనను ఉండనియ్యి. మిగిలిన జాగల డిజైన్లు నింపు” అన్నాను.

అప్పుడు నేను చేయాల్సింది నోరు మూసుకోవడం. అది నాకు రాదు. బస్సు దిగిన దగ్గర్నుంచి కనబడిన ప్రతి మనిషికీ చెప్పాను. అవ్వకు చెప్పాను, సేటుకు చెప్పాను, మంచినీళ్లకొచ్చిన వాళ్లకు చెప్పాను. తాగి పాడయ్యాడట, మళ్లీ లేచాడట, పోయాడట పాపం అని చెప్పాను. లేచిన సంగతి ఎవరూ మోసుకుపోలేదు. పోయిన సంగతి మాత్రం సాయంత్రానికి నాలుగు ఊళ్లు తిరిగింది.

మూడో రోజు పెళ్లికూతురి తల్లి వచ్చింది. పక్క ఊరి ఆమె, అత్తా అని పిలుస్తాను. కూతురి పెళ్లికని ఎనిమిది జాకెట్ల గుడ్డ అంతకుముందే ఇచ్చి పోయింది. ఎనిమిదీ కత్తిరించి, ఏ జాకెట్ ముక్కలు ఆ జాకెట్‌కు చుట్టలు కట్టి పెట్టాను. కుట్టడమే మిగిలింది. ఆమె వసారా కిందనే నిలబడి అడిగింది.

“ఏమే పిల్లా, గిది సచ్చినోని పాటనేనా?”

“అవునత్తా. పోయిండట పాపం.”

“పాపమా! నా బిడ్డ పెండ్లి జాకెట్లు సచ్చినోని ఏడుపు వినుకుంట కుడ్తవ్, పైంగ పాపమంటవా?”

“ఏడుపు కాదత్తా. ఇను, గిది ఎగిరే పాట...”

“నువ్వు ఎగురు. నా బిడ్డెందుకు ఎగురుతది?”

సేటు కొట్టులోంచి బయటకొచ్చాడు. సేటు చెడ్డవాడు కాదు. కానీ ఆ అత్త ఇంటి పెళ్లి సామానంతా ఆయన కొట్టులోంచే పోవాలి. “బంద్ చెయ్ బేటీ. ముందుగాల బంద్ చెయ్” అన్నాడు.

నేను ఆపలేదు. ఆపితే మాట్లాడే ధైర్యం పోతుందని ఆపలేదు. “పొద్దుగాల గుడి మైకుల పాడేటాయన బతికున్నడా సేటు?” అని అడిగాను.

అత్త వైపు తిరిగాను.

“మీ ఇంట్ల పోయిన పెండ్లికి బ్యాండోళ్లు కొట్టిన పాట ఎవలిదత్తా? గాయన బతికున్నడా? వాళ్లు సచ్చిన్రని పాటలు పాతిపెట్టినమా?”

“వాళ్లు మనోళ్లు” అంది అత్త.

“అంటే మనోళ్లు సస్తే మంచిది, బయటోళ్లు సస్తేనే మైలనా?”

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. నలుగురు ఆగితే సేటుకు పెద్దరికం వస్తుంది. అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. ఈ పాటలు మళ్లీ వినబడకూడదు. మిషన్‌కు పసుపు నీళ్లు చల్లాలి, కొబ్బరికాయ కొట్టాలి, అత్త కాళ్లకు మొక్కి తప్పయిందని చెప్పాలి. లేకపోతే వసారా ఖాళీ చేయాలి.

“పసుపు నీళ్లు చల్లుత, కాయ కొడ్త. పెండ్లిల్లు కదా, అత్త కాళ్లకు గూడ మొక్కుత. తప్పయిందని మాత్రం చెప్ప.”

“నోటి మాటనే కదా బేటీ.”

అవును, నోటి మాటే. పదోతరగతి తర్వాత చదవనని చెప్పినప్పుడు తప్పయిందన్నాను, తర్వాత చదువుతానని ఏడ్చినప్పుడూ తప్పయిందన్నాను. రోడ్డు మీద కూర్చున్నందుకు అన్నాను. గట్టిగా నవ్వినందుకు అన్నాను. నచ్చలేదని ఒక సంబంధం వద్దన్నందుకు అయితే నెల రోజులు అన్నాను. ఆ మాట నా నాలుక మీద అరిగి నున్నగా అయిపోయింది. ఈసారి నిజంగానే వెతికాను, నేను చేసిన తప్పు ఏమిటా అని. దొరకలేదు. దొరకని తప్పుకు మొక్కితే ఆ మూల ఉన్నా నాది కాదు.

అత్త నా చేతిలోంచి ఎనిమిది చుట్టలూ లాక్కొని పోయింది. సేటు సాయంత్రం దాకా గడువిచ్చాడు.

సాయంత్రం అన్న రాలేదు, వదిన వచ్చింది. చంటిదాన్ని పక్కింట్లో పడేసి, కొంగు నడుముకు దోపుకొని వచ్చి మిషన్‌కు ఒక వైపు పట్టుకుంది.

“నీ పాటలు నచ్చి వచ్చిననుకునేవు. మీ అన్న మిషన్‌ను ఇంటికి తెమ్మన్నడు. గది ఇంట్లకొస్తే మేము పండేదెక్కడ? చెప్పు, ఎటు?”

ఎటో నాకూ తెలియదు. రోడ్డుకు అవతల బస్సు షెడ్డు కనబడింది. పైన రేకులు, మూడు వైపుల గోడలు, ఒక సిమెంటు అరుగు. అది పంచాయతీది. అంటే ఎవరిదీ కాదు. “గటు” అన్నాను. లారీ ఒకటి మా కోసం ఆగింది. ఇద్దరం మిషన్ మోసుకొని రోడ్డు దాటాం.

రెండో రోజే పంచాయతీ సచివ్, అంటే కార్యదర్శి, మోటారు సైకిల్ ఆపాడు.

“యే క్యా హై? గిది బస్సు కోసం చూసేటోళ్లు కూసునే జాగ.”

“నేను గూడ బస్సు కోసమే చూస్తున్న సార్.”

“ఏ బస్సు?”

“గది ఇంక రాలే సార్.”

“మిషన్ పట్టుకోని చూస్తున్నవా?”

“బస్సు ఎప్పుడొస్తదో తెల్వకపాయె. ఖాళీగ కూసునుడెందుకని. మీరన్న జర అడుగున్రి సార్, నిన్నటి సంది చూస్తున్న.”

అరుగు మీద నిజంగా బస్సు కోసం చూసేవాళ్లు ఆరుగురు ఉన్నారు. బస్సు రెండు గంటలు ఆలస్యం. వాళ్లంతా ఒకేసారి సచివ్ వైపు తిరిగి “అవ్ సార్, జర అడుగున్రి” అన్నారు. ఆయన మోటారు సైకిల్ స్టార్ట్ చేసి పోయాడు.

ఆ రాత్రి అన్న కంచం ముందు ఒకటే మాటన్నాడు: “ఎన్ని దినాలు ఆడ్తవో ఆడు. వాన పడ్డ దినం నేనే వచ్చి మిషన్ తెస్త.” వాన పడితే షెడ్డులోకి జల్లు కొడుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు.

పెళ్లికి ఇంకా నాలుగు రోజులున్నాయనగా అత్త మళ్లీ వచ్చింది. ఈసారి పెళ్లికూతురు కూడా వెంట ఉంది. ఎనిమిది చుట్టలు అలాగే ఉన్నాయి, నేను కట్టిన ముడి కూడా విప్పలేదు. ఎందుకు వచ్చారో చూడగానే అర్థమైంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఒకరు కత్తిరించిన గుడ్డను ఇంకొకరు కుట్టరు. కొలత ఒకరి చేతిది, కుట్టు ఇంకొకరి చేతిది అయితే, జాకెట్ పట్టకపోతే తప్పు ఎవరిదని చెప్పాలి? అత్త ఆ చుట్టలు భోపాలపట్నం పట్టుకుపోయింది. అక్కడ ముసలి టైలర్ మాస్టర్ ఉన్నాడు, మంచి పనివాడు. ముడి మీద వేలు పెట్టి “ఎవరి కత్తెర?” అని అడిగాడట. చెప్తే, వేలు తీసేసి “ఆమెకే ఇయ్యమ్మా” అన్నాడట. ఇంకొకరి దగ్గరకు పోతే అక్కడా అదే మాట.

“బట్ట నువ్వు కోసినవ్. నువ్వే కుట్టాలె” అంది అత్త.

“కుడ్త.”

“గా పాట పెట్టొద్దు.”

“పెడ్త.”

“నాలుగు దినాలల్ల పెండ్లి పెట్టుకోని నాతో పంతమా?”

“పంతం కాదత్తా. నాలుగు దినాలల్ల ఎనిమిది జాకెట్లు. గా పాటలు లేకుంటే నా కాలు గంత ఉరకది.”

ఇందులో సగం నిజం, సగం పంతం. అదీ చెప్పేస్తున్నాను. ఆమె జుట్టు నా గుప్పిట్లో ఉందని నాకు తెలుసు. అలా ఉన్నప్పుడు విడవడం మంచితనమని కొందరంటారు. వసారా పోయింది నాది, వాళ్లది కాదు.

పెళ్లికూతురు అంతసేపూ తల వంచుకొని నిలబడింది. అప్పుడు మాత్రం “అమ్మా, నాకు గీ అక్క కుట్టిన జాకెట్లే కావాలె. పాట పెట్టుకోనియ్యి. పెండ్లి నాది కదా, నాకేం భయం లేదు” అంది. అత్త కూతురి వైపు చూసిన చూపు ఎలా ఉందంటే, ఆ పిల్ల వెంటనే వచ్చి నా వెనక నిలబడింది.

మూడు రోజులు కుట్టాను. అత్త మూడు రోజులూ పొద్దున వచ్చి అరుగు మీద కూర్చుంది, నేను జాకెట్ల మీద ఏం మంత్రం వేస్తానో అని. చెవుల్లోకి కొంగు దోపుకొని కూర్చుంది. నేను మొదటి పాట నుంచి మొదలుపెట్టి చివరి పాట దాకా వరసగా పెట్టాను, ఒక్కటి వదల్లేదు. వాటిలో మూలిగేవి ఉన్నాయి, ఎగిరేవి ఉన్నాయి, తాగి తూలేవి ఉన్నాయి. రెండో రోజు ఒక చెవి కొంగు జారింది. బస్సు ఎప్పుడొస్తుందో వినాలి కదా అంది. నేను సరే అన్నాను.

ఎనిమిదోది అయిపోగానే ఆమె సంచిలోంచి చెంబు తీసింది. పసుపు నీళ్లు. నా ముందే, నా కళ్లలోకి చూస్తూ, ఒక్కొక్క జాకెట్ మీద చల్లింది.

“చల్లుకో అత్తా. రంగు పోని గుడ్డనే” అన్నాను.

ఆమెకు నవ్వు వచ్చింది. పళ్ల మధ్యనే ఆపుకుంది. ఆ రోజు వెంట తెచ్చిన కూతురికి చీర అడ్డం పట్టి ఒకటి తొడిగించి చూసింది. వెనక్కి తిప్పింది, చేతులు ఎత్తించింది, వంగమంది. “చంకల కాడ మంచిగ కూసున్నది” అంది గోడతో మాట్లాడుతున్నట్టు.

పెళ్లి జరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మర్నాడే సేటు కబురు పంపాడు: వసారా ఖాళీగానే ఉంది, రావచ్చు, మొక్కేదేం లేదు, పాటలు కాస్త చిన్నగా పెట్టుకుంటే చాలు. మంచి కబురే. ఆ మాట రెండు రోజులు మనసులో తిప్పుకున్నాను. వసారాలో నీడ బాగుంటుంది, కొట్టులోంచి టీ వస్తుంది. కానీ ఎంత చిన్నగా పెట్టుకోవాలో రోజూ ఆయన చెప్తాడు, నేను రోజూ వినాలి. పోలేదు.

తర్వాతి వారం మధ్యాహ్నం మూడింటప్పుడు వాన పట్టుకుంది. ఎండాకాలం వాన, గాలితో వచ్చింది. జల్లు తిన్నగా షెడ్డులోకి కొట్టింది. బస్సు కోసం ఉన్నవాళ్లంతా వెనక గోడకు అతుక్కున్నారు. నేను బట్టల మూట ఒళ్లో పెట్టుకొని, మిషన్ మీద ప్లాస్టిక్ సంచి కప్పి కూర్చున్నాను. అన్న ట్రాక్టర్ వచ్చి ఆగింది. ట్రాలీలో తాడు, టార్పాలిన్ ఉన్నాయి. అన్న తడుస్తూ దిగాడు.

“లే. ఇంటికి పోదాం.”

“నేను రానన్నా.”

“మిషన్ తడుస్తున్నది, కనవడ్తలేదా?”

“కనవడ్తున్నది. ఆరుతది.”

“తుప్పు పట్టినంక ఏం చేస్తవ్?”

“నూనె పోస్త.”

అన్న నా వైపు చూశాడు. గోడకు అతుక్కున్నవాళ్ల వైపు చూశాడు. వాళ్లలో ఒకామె “జరుగున్రే, జరుగున్రి, మిషన్‌కు జాగియ్యున్రి” అని మిగతావాళ్లను మోచేతితో నెట్టింది. అన్న ముక్కు మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. తర్వాత వంగి, ఒక్కడే మిషన్‌ను పొట్టకు ఆనించుకొని లేపాడు. ట్రాక్టర్ వైపు తిరుగుతాడనుకొని నేను దాని కాలు పట్టుకున్నాను. అన్న అటు తిరగలేదు. నాలుగు అడుగులు లోపలికి వేసి, వెనక గోడ మూలలో దించాడు. టార్పాలిన్ తెచ్చి షెడ్డు ముందు వైపుకు కట్టాడు. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.

“గీ మూలకు తడవది” అన్నాడు. “గా పాట జర తక్కువ పెట్టు.”

“పెట్టనన్నా” అన్నాను.

అన్న పోయి ట్రాక్టర్ స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడులో గిటారాయన మునిగిపోయాడు. నేను ఇంకొంచెం పెంచాను.